చుక్క చేపాలంటే

ఇంట్లో అత్తగారు రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప. పశువుల పాకలో అడుగు పెట్టిందంటే మాత్రం ఆవిడ నోటికి మూత ఉండదు. వీధిలో అందరూ ఆవిడని రేడియో అంటారు. పాలు పోయించుకోవడానికి గిన్నెలతో వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి, లోపలి నుంచి వచ్చే గొణుగుడు వింటారు. మాటలు వాళ్ళకి తెలియవు. "రేడియో ఇంకా కట్టెయ్యలేదా?" అని కోడలిని అడిగి నవ్వుతారు. కోడలు కూడా నవ్వుతుంది. ఆ రేడియోలో సగం వార్తలు తన గురించేనని వాళ్ళతో చెప్పుకోలేదు కదా!

కోడలు టౌను పిల్ల. దర్జీ ఇంట పుట్టి, తండ్రి మిషను కింద గుడ్డపీలికలతో ఆడుకుని పెరిగింది. పెళ్ళయి వచ్చేదాకా ఆవుని బస్సు కిటికీలోంచి చూడటమే. వచ్చిన మూడో రోజు పొద్దున్నే అత్తగారు ఖాళీ బక్కెట్టుతో పాకలోంచి బయటికి వచ్చి, "ఇంకా చేపలేదు" అని మళ్ళీ లోపలికి వెళ్ళబోయింది. కొత్తకోడలు మంచిపేరు తెచ్చుకోవాలన్న తొందరలో ఉంది. "చేపలా అత్తయ్యా? ఈ వేళప్పుడు ఎక్కడ దొరుకుతాయి? సాయంత్రం ఆయన్ని తెమ్మంటాను లెండి" అంది.

మొగుడు గుమ్మంలోనే కూలబడి పొట్ట పట్టుకుని నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. కోడలి చేయి పట్టుకుని పాకలోకి తీసుకెళ్ళి, ఆవు పొదుగు మీద ఆనించింది. దూడని వదిలింది. దూడ మూతి తగిలిన కాసేపటికి ఆ పొదుగు కోడలి అరచేతి కింద వెచ్చగా నిండుతూ వచ్చింది. ఎక్కడో పైన దాచుకున్న పాలన్నీ ఆవు మనసారా కిందికి వదులుతున్నట్టు తెలిసింది. "ఇదీ చేపడం అంటే. అది చేపాలి. మనం గుంజితే రావు" అంది అత్తగారు. ఆ రోజుకి ఆవిడ మాటల కోటా అక్కడితో అయిపోయింది.

అయిపోయిందనే కోడలు అనుకుంది. మధ్యాహ్నం తన కుట్టుమిషను ఎక్కడ పెట్టుకోవాలా అని వెతికి, పాకని ఆనుకుని ఉన్న చిన్నగది చూసుకుంది. ఆ గోడలో, ఎప్పుడో తీసేసిన గొట్టం తాలూకు కన్నం ఒకటి ఉంది. సాయంత్రం పాలవేళకి అందులోంచి స్పష్టంగా వినిపించింది. "విన్నావా ఏమే, మా కోడలు నీకు చేపల కూర వండి పెడుతుందిటే! తింటావా? బుగ్గలు ఎర్రబడిపోయాయి పాపం దానికి. నేనూ నవ్వేదాన్నే, నవ్వితే ఏడుస్తుందేమోనని ఊరుకున్నాను."

కోడలికి తల కొట్టేసినట్టయింది. వెంటనే నవ్వూ వచ్చింది. ఆ కన్నం మూయించాలని మర్నాడు అనుకుంది. ఆ మర్నాడు కూడా అనుకుంది. నాలుగేళ్ళయింది, ఆ కన్నం అలాగే ఉంది.

ఆ ఇంటి కాపురం ఆ కన్నంలోంచే చక్కబడిందంటే నమ్మాలి. కోడలు తలుపు ధడాలున వేస్తుందని అత్తగారు ఆవుకి ఫిర్యాదు చేస్తుంది. మర్నాటి నుంచి తలుపు మెత్తగా పడుతుంది. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆవుకి చెబుతుంది. ఆ పూటకే చేయి తగ్గుతుంది. "ఎవరు చెప్పారో ఏమో, ఇవాళ ఉప్పు సరిగ్గా పడింది. చెప్పకుండానే కనిపెడుతుందే! దీనికి ఉన్న తెలివి నాకు ఆ వయసులో లేదు" అని అత్తగారు ఆశ్చర్యపోతూ ఉంటే, గోడకి ఇవతల కోడలు దారం పంటితో తెంపుతూ ముసిముసిగా నవ్వుకుంటుంది. మొదట్లో కొన్ని మాటలకి కళ్ళనీళ్ళు పెట్టుకున్న మాట నిజమే. కానీ తిట్ల వెనకే మెప్పు కూడా అదే కన్నంలోంచి వచ్చేది. తాను వింటున్నానని తెలిస్తే అత్తగారు ఇంక అక్కడ కూడా నోరు విప్పదు. అప్పుడు ఆ ఇంట్లో తనకి మిగిలేది మిషను చప్పుడే. అందుకని ఈ సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

అత్తగారి పని చూడాలంటే చలికాలంలోనే చూడాలి. ఎండాకాలంలో పశువుల్ని ఎవరైనా సాకుతారు. ఈ కొండ ఊళ్ళో తొట్టిలో నీళ్ళ మీద పొద్దున్నే పలచటి మంచుపొర కట్టి, పీల్చిన గాలి ముక్కులోనే కరుక్కుమనే రోజుల్లో ఆవిడ ఎలా ఉంటుందో అదీ సంగతి. నాలుగున్నరకి కొడుకు పాల వ్యాను తీసుకుని వెళ్ళిపోతాడు. వ్యాను సందు మలుపు తిరిగేలోపు అత్తగారు తలకి మఫ్లరు చుట్టుకుని, చనిపోయిన మావగారి పాత కోటు తొడుక్కుని పాకలో ఉంటుంది. రెండు ఆవులు, అయిదు మేకలు, పన్నెండు కోళ్ళు. పెద్దావు ముసలిదై వట్టిపోయింది. దాన్ని ఎందుకు ఉంచారని ఎవరైనా అడిగితే, "నన్నెందుకు ఉంచారు మరి?" అని ఊరుకుంటుంది. చిన్నావు నుదుటి మీద తెల్లటి మచ్చ ఉంది. దాని పేరు చుక్క.

ముందు గొడ్ల కింద చేయి పెట్టి చూస్తుంది. పరిచిన గడ్డి తడిసిందా లేదా అన్నది ఆవిడకి కంటితో చూస్తే చాలదు, అరచేత్తో నొక్కాలి. తడిసిన చోటల్లా పారతో ఎత్తి, పొడిగడ్డి మోకాలెత్తు వేస్తుంది. అందరూ చలికాలం కదా అని పాక కిటికీలన్నీ గోనెలతో బిగించేస్తే, ఆవిడ పైన ఉన్న రెండు కిటికీలూ తెరిచే ఉంచుతుంది. కోడలు మొదటి చలికాలంలో జాలిపడి అవి మూసేసింది. గంట తర్వాత అత్తగారు ఆమెని లోపలికి పిలిచి, తలుపు వేసి, "పీల్చు" అంది. పేడ, ఉచ్చల ఘాటుకి కళ్ళు మండి, దగ్గొచ్చి కోడలు బయటికి పరిగెత్తింది. "అవి పరిగెత్తలేవుగా, కట్టేసి ఉంటాయి" అంది అత్తగారు. కోడలు మళ్ళీ ఆ కిటికీల జోలికి పోలేదు.

తర్వాత పెద్ద డేగిసాలో నీళ్ళు కాచుతుంది. చన్నీళ్ళు పెడితే ఆవు రెండు గుక్కలు తాగి ఊరుకుంటుంది, నీళ్ళు తాగని ఆవు పాలివ్వదు. అందుకని గోరువెచ్చగా, మోచేయి ముంచి చూసి మరీ పెడుతుంది. మేకల గిట్టలు ఒక్కొక్కటే ఒళ్ళో పెట్టుకుని, మధ్యలో ఇరుక్కున్న గడ్డకట్టిన బురద పుల్లతో తీస్తుంది. మేకలకి అది నచ్చదు. వాటి అభిప్రాయం ఆవిడ అడగదు. కోళ్ళు చలికి గుడ్లు మానేస్తే వాటికి ఉపన్యాసం ఇస్తుంది, గింజలు మాత్రం తగ్గించదు. పాలు పితికే ముందు చేతులు వేడినీళ్ళలో ముంచి, తుడుచుకుని, చెంపకి ఆనించి చూసుకుంటుంది. "నా చెంపకే చల్లగా తగిలితే దానికెలా ఉంటుంది?" అని ఆవిడ లెక్క. అరవై రెండేళ్ళ మనిషి. రోజూ ఇదంతా అయ్యేసరికి తెల్లారుతుంది. అప్పుడు లోపలికి వచ్చి, ఎవరో ఏదో చేసిపెట్టినట్టు మొహమాటంగా టీ తాగుతుంది. కోడలికి ఆ మొహమాటం చూస్తే ఒళ్ళు మండుతుంది, ఆ మనిషిని చూస్తే మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

కోడలు కూడా తన వంతు తాను చేసింది. ఈ ఏడు చలి ముదరకముందే రెండు ఆవులకీ గోనెలతో కోట్లు కుట్టింది. దర్జీ పిల్ల కదా, అంచనాగా కప్పెయ్యడం ఆమెకి రాదు. టేపు పట్టుకుని చుక్క చుట్టూ తిరిగి, మెడ, వీపు, పొట్ట కొలిచి, పుస్తకంలో రాసుకుని, లోపల పాత దుప్పటి అస్తరు వేసి, పొట్ట కింద మూడు పెద్ద గుండీలతో ముచ్చటగా కుట్టింది. పొద్దున్నే తొడిగితే అతికినట్టు సరిపోయింది. సాయంత్రానికి మూడు గుండీలూ తెగి కింద గడ్డిలో పడ్డాయి. కొలతలు తీసింది పొద్దున్న పరగడుపున. రోజంతా మేసి, నీళ్ళు తాగిన ఆవు పొట్ట ఎంతవుతుందో టేపుకి తెలియదు మరి. "ఆవుకి గుండీలుటే! రేపు జేబులు కూడా పెడుతుంది, అందులో నువ్వు రుమాలు పెట్టుకుందువుగాని" అని ఆ సాయంత్రం గోడ అవతల అత్తగారు పగలబడి నవ్వింది. కాసేపాగి, "ఎంత నీటుగా కుట్టిందే! నా పెళ్ళికి కూడా నాకెవరూ అంత నీటుగా కుట్టలేదు" అంది. కోడలు గుండీలు తీసేసి, తాళ్ళు పెట్టింది.

చలి మొదలవుతూనే చుక్క ఈనింది. దూడ బలహీనం. ఆరు రోజులు అత్తగారు దాన్ని ఒళ్ళో పెట్టుకుని సీసాతో పాలు పట్టింది. ఏడో రోజు పొద్దున్న అది లేవలేదు. చుక్క మూడు రోజులు మేత ముట్టుకోలేదు, అరుపు ఆపలేదు. పాలు చేపడం మానేసింది. దూడ లేకుండా ఎలా చేపుతుంది? అత్తగారు ఆ మూడు రోజులూ అన్నం కూడా పాకలోకే తెప్పించుకుని, దాని మెడకి ఆనుకుని కూర్చుని మాట్లాడింది. ఏం మాట్లాడిందని అడిగితే ఏం చెప్పను? తెల్లారిందని, మంచు పడిందని, కొడుకు వ్యాను స్టార్టవడానికి మొండికేసిందని, కోడలు తలుపు మళ్ళీ గట్టిగా వేసిందని. నాలుగో రోజు ఆ కబుర్ల మధ్యలో చుక్క చెవి ఇటు తిప్పింది, నెమరు మొదలుపెట్టింది, చేపింది. ఆ రోజు నుంచి అత్తగారి కబుర్లుంటేనే దానికి పాలు దిగేవి. పితికే చేతులు ఎవరివైనా కావచ్చు, చెవిలో ఆ గొంతు ఉండాలి.

సరిగ్గా ఆ గొంతే పోయింది.

నెలరోజుల కిందటే అత్తగారు చుక్కకి చెప్పింది, "గొంతులో ముల్లు ఉన్నట్టుందే, మింగితే నొప్పి" అని. కోడలు గోడ ఇవతల విన్నది. విని ఏం చేసింది? మంచం పక్కన రోజూ వేడినీళ్ళ ఫ్లాస్కు పెట్టింది. అత్తగారు పాకలోకి వెళ్ళేటప్పుడు ఇంకో మఫ్లరు అందించింది. డాక్టరు దగ్గరికి వెళ్దాం రండి అని మాత్రం అనలేకపోయింది. అంటే, నీకెలా తెలుసు అని అడుగుతుందిగా! ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే నెల గడిపేసింది. ఆఖరికి ఒక పొద్దున్న అత్తగారు నోరు తెరిస్తే తుప్పుపట్టిన గొళ్ళెం చప్పుడు వచ్చింది. అప్పుడు కొడుకు బలవంతాన తీసుకెళ్ళాడు.

గొంతు డాక్టరు లోపలికి అద్దం పెట్టి చూసి, ఇరవై ఒక్క రోజులు ఒక్క మాట మాట్లాడకూడదన్నాడు. "గుసగుస కూడా వద్దు, అది ఇంకా ప్రమాదం. ఇప్పుడు మాట ఆపితే మాట నిలుస్తుంది. లేదంటే ఈ గొంతు ఇంక రాదు" అన్నాడు. ఇంట్లో ఎలాగూ మాట్లాడని మనిషికి ఇదేం శిక్ష అనుకున్నాడు కొడుకు. కోడలు మాత్రం ముందు చుక్కని తలుచుకుంది.

ఆ సాయంత్రం అత్తగారు చేతులు వెచ్చజేసుకుని చుక్క దగ్గర కూర్చుంది. పొదుగు నిమిరింది, మెడ గోకింది. చుక్క చెవులు రిక్కించి వెనక్కి చూసింది, ఎదురుచూసింది. మాట రాలేదు. పైపైన ఉన్న పాలు నాలుగు ధారలు పడ్డాయి, మిగతావన్నీ పైకి ఎగచేపేసింది. చుక్క ఆ పూట ఒక్క చుక్క ఎక్కువ ఇవ్వలేదు. మర్నాడు పొద్దున్న కోడలు చెవి దగ్గర నిలబడి, "బంగారుతల్లీ, చిట్టితల్లీ, ఇవ్వమ్మా" అని బతిమాలింది. చుక్క ఆమెని ఎగాదిగా చూసి, తోకతో చెంప మీద ఒకటి ఇచ్చింది. కొడుకు వచ్చి పాట పాడాడు. అతని పాటకి ఆవు కాలు విసిరిందంటే తప్పు ఆవుది కాదు. బక్కెట్టు వెళ్ళి గోడకి తగిలింది.

మూడో రోజుకి పొదుగు రాయిలా అయింది. ఒక పక్క ముట్టుకుంటే వేడి. పశువుల డాక్టరు వచ్చి ఇంజెక్షను ఇచ్చి పాలు దించాడు. పెద్దాయన, మొహమాటం లేని మనిషి. "ఒకటి రెండుసార్లయితే ఫరవాలేదు. ఇరవై రోజులు రెండు పూటలా పొడుస్తామా? ఇలాగే బిగబడితే పొదుగు చెడుతుంది. దీని చేత ఎవరో ఒకరు చేపించాలి, రేపటికల్లా" అని చెప్పి వెళ్ళిపోయాడు.

కొడుకు తల గోక్కున్నాడు. "అమ్మా, పొదుగు చెడ్డాక ఎవరూ తీసుకోరు. దూడ ఉన్న ఇంట్లో అయితే ఇంకో దూడకి అలవాటు పడుతుంది, బాగుంటుంది. రేపు పొద్దున్న బేరగాణ్ణి రమ్మంటాను. దాని మంచికే కదా" అన్నాడు. చెడ్డవాడు కాదు, చుక్క వీపు నిమురుతూనే అన్నాడు ఆ మాట. అత్తగారు చుక్క తాడు పట్టుకుని నిలబడి ఉంది. వద్దనడానికి కూడా మాట లేదు ఆవిడకి. తల అడ్డంగా ఊపింది, చేయి ఊపింది, ఆఖరికి తాడుని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుంది. కొడుకు చూడలేక బయటికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం పాలవేళ అయింది. అత్తగారు పీట వేసుకుని కూర్చుంది. కోడలు చుక్క చెవి వైపు నిలబడింది. అప్పుడు అత్తగారు మఫ్లరు కిందికి లాక్కుంది. ఒకసారి గుటక మింగింది. నోరు తెరిచింది. ఆవిడ ఏం చెయ్యబోతోందో కోడలికి అర్థమైంది. ఉన్న గొంతు కాస్తా ఈ ఆవుకి ఇచ్చేయబోతోంది.

కోడలు ఒక్క అంగలో వెళ్ళి అత్తగారి నోరు చేత్తో మూసేసింది. నాలుగేళ్ళలో ఆవిడ మీద చేయి వేసింది అదే మొదటిసారి. రెండో చేయి చుక్క మెడ మీద వేసి, అత్తగారు రోజూ మొదలుపెట్టినట్టే, ఆ సన్నాయినొక్కులతోనే మొదలుపెట్టింది.

"విన్నావా ఏమే... మా కోడలు లేదూ, తలుపు వేసిందంటే వీధంతా లేవాలి. చేతులా అవి, సుత్తులా?"

ఆమె చేతి కింద అత్తగారి పెదాలు బిగుసుకున్నాయి. చుక్క చెవి ఇటు తిరిగింది.

"చెబితే నొచ్చుకుంటుంది. చెప్పకపోతే నేను నొచ్చుకుంటాను. ఏం చెయ్యను చెప్పు? నిన్నటి కూర చూశావా? ఉప్పు డబ్బా బోర్లించిందేమోననుకున్నాను. ఆదివారం ఏడింటిదాకా పడుకుందిటే! ఏడింటికి సూర్యుడు కూడా ముఖం కడుక్కుని కూర్చుంటాడు. నీకు గుండీలు కుట్టింది, ఇంక నెక్‌టై ఎప్పుడు కుడుతుందో!"

అత్తగారు ఆమె చేయి తీసేసింది. పైకి చూసింది. ఆ చూపు కోడలు జన్మలో మర్చిపోదు. అన్నీ తెలిసిపోయాయి ఆవిడకి. ఉప్పు ఎందుకు తగ్గిందో, తలుపు ఎందుకు మెత్తబడిందో, వేడినీళ్ళ ఫ్లాస్కు ఎలా వచ్చిందో, నాలుగేళ్ళ సంగతులన్నీ ఒక్కొక్కటే లెక్కకి వచ్చి, ఆవిడ మొహం చెవులదాకా ఎర్రబడిపోయింది. లేచి వెళ్ళిపోవాలని లేవబోయింది కూడా. సరిగ్గా అప్పుడే చుక్క వెనక కాళ్ళు కాస్త ఎడం చేసి, పెద్ద నిట్టూర్పు విడిచింది. పొదుగు నిండింది.

చేపింది.

ఆవు చేపితే అయిదారు నిమిషాలు, అంతకంటే ఆగదు. ఆలోపు పితకాలి. అత్తగారు అది వదిలి వెళ్ళగలదా? మళ్ళీ కూలబడి రెండు చేతులా మొదలుపెట్టింది. ధారలు బక్కెట్టులో ఝుమ్మని మోగుతున్నాయి. కోడలి మాట ఆగిందా ధార సన్నబడుతోంది. అందుకని ఆవిడ పితుకుతూ, తన గురించి తాను వినకూడని మాటలన్నీ కదలకుండా కూర్చుని వినాల్సి వచ్చింది. కాదనడానికి గొంతు లేదు, పారిపోవడానికి వీలు లేదు. ఇంత చక్కగా ఇరుక్కున్న అత్తగారిని ప్రపంచంలో ఇంకో కోడలు చూసి ఉండదు.

ఫిర్యాదులు త్వరగానే అయిపోయాయి. నాలుగేళ్ళవి కలిపినా మూడు నిమిషాలకి చాల్లేదు. కోడలు మెప్పులు చెప్పింది. ఉప్పు కనిపెట్టిన తెలివి, కోటు నీటు. అవి చెబుతుంటే సిగ్గేసింది, అయినా చెప్పింది. ఇంకేం మిగిలింది? ఒక్కటి మిగిలింది. అది రెండేళ్ళ కింద ఒక చలి పొద్దున విన్నది. గొంతు తగ్గించి చెప్పింది.

"మా కోడలితో మాట్లాడాలని నాకు మాత్రం ఉండదా ఏమే? మా అత్త నాతో పని చెప్పడానికి తప్ప నోరు విప్పలేదు. తోము, ఊడ్చు, తే, ఫో. ఇంట్లో నేను నోరు తెరిస్తే ఆవిడ మాటలే వస్తున్నాయి. నాకు వచ్చిన భాష అదొక్కటే. అది దీనికి అంటించడం ఇష్టం లేక నోరు మూసుకుని తిరుగుతున్నాను."

అత్తగారి తల చుక్క డొక్కకి ఆని ఉంది. ముఖం కనిపించలేదు. చేతులు మాత్రం ఆగలేదు.

ఇంక చెప్పడానికి కోడలి దగ్గర అత్తగారి మాటలేవీ లేవు. పాలు మాత్రం ఇంకా ఉన్నాయి. అత్తగారు మోచేత్తో ఆమె కాలిని పొడిచింది, కానీ, ఇంకా చెప్పు అన్నట్టు. కోడలు చుక్క మెడ నిమిరింది. తర్వాత ఎవరి గొంతూ పెట్టుకోకుండా, తన గొంతుతోనే అంది.

"విన్నావా ఏమే... మా అత్తయ్య ఉందే, ఆవిడకి ఏం బాగోకపోయినా నీకే చెబుతుంది. నేను పక్కనే ఉంటాను, అడుగు దూరంలో. నాకు చెప్పదు. గొంతు నొప్పని నెల కిందట నేను గోడలోంచి విన్నాను. నాకు తెలిసిపోయిందని ఆవిడకి తెలిసిపోతుందేమోనని నోరు మూసుకున్నాను. నేను ఆ రోజే తీసుకెళ్ళి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. నా తప్పేనే ఇది. పగలూ రాత్రీ అదే గుచ్చుకుంటోంది."

ఇంక ఆమెకి ఏడుపు వచ్చింది. చుక్క ఆ ఏడుపుకి కూడా చేపింది. దానికి కావలసింది అత్తగారి గొంతు కాదేమో, మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి కావాలేమో. బక్కెట్టు నురగతో అంచుదాకా వచ్చింది. అత్తగారు లేచింది. కోటు చేతికి చేతులు తుడుచుకుని, రెండు అరచేతులూ ఒకసారి తన చెంపకి ఆనించి చూసుకుంది. చల్లగా లేవని నిశ్చయించుకున్నాక, వాటితో కోడలి ముఖం తుడిచింది.

మర్నాడు పొద్దున్న బేరగాడు వచ్చాడు. అత్తగారు నిండు బక్కెట్టు తెచ్చి అతని కాళ్ళ దగ్గర పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. అతను బక్కెట్టు కేసి, ఆవిడ కేసి చూసి, "నాకు అర్థమైందమ్మా" అని టీ తాగి వెళ్ళిపోయాడు.

మిగతా రోజులు రెండు పూటలా కోడలే రేడియో. మొదటి రెండు మూడు రోజులు వాతావరణం చెప్పింది. తర్వాత తండ్రి గురించి, మిషను కింద పెరగడం గురించి, ఈ ఇంటికి వచ్చిన మొదటి రాత్రి భయం గురించి, ఇంకా ఎవరితోనూ అనని చాలా సంగతులు చెప్పింది. అత్తగారి మీద ఫిర్యాదులు కూడా మొహమాటం లేకుండా చెప్పింది. చల్లారిన అన్నం అందరికన్నా ఆఖర్న తింటుందని, కొత్త దుప్పటి కొంటే పెట్టెలో దాస్తుందని. ఆ రాత్రి అత్తగారు కొత్త దుప్పటి కప్పుకుని పడుకుంది. వీధిలోవాళ్ళు గిన్నెలు పట్టుకుని నిలబడి, "రేడియో స్టేషను మారినట్టుందే!" అని నవ్వారు.

ఇరవై రెండో రోజు గొంతు డాక్టరు చూసి, మెల్లగా మాట్లాడుకోవచ్చన్నాడు. దారిలో కొడుకు, "ఏదీ, ఒక్క మాట మాట్లాడమ్మా" అని పాతికసార్లు అడిగాడు. అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఇంట్లోకి వచ్చాక కూడా నోరు మెదపలేదు. గొంతు రాలేదేమోనని కోడలు భయపడింది.

సాయంత్రం పాకలో అత్తగారు చేతులు వెచ్చజేసుకుని పీట మీద కూర్చుంది. ఇంక తన పని అయిపోయిందనుకుని కోడలు గుమ్మం దాటబోయింది. ఆవిడ మాట్లాడాలంటే తాను అక్కడ ఉండకూడదు కదా, ఇన్నేళ్ళ అలవాటు.

"ఎక్కడికి?"

సన్నగా, జీరగా ఉంది ఆ గొంతు. కానీ ఉంది. కోడలు వెనక్కి తిరిగింది. అత్తగారు చుక్క కేసి కాదు, ఆమె కేసే చూస్తోంది.

"పొద్దుటి నుంచి నీ ముఖం ఏదోలా ఉంది" అంది అత్తగారు. ఆ తర్వాతి మాట కోసం కాస్త వెతుక్కుంది, ఇంట్లో ఎన్నడూ వాడని మాట కదా. "ఇలా వచ్చి కూర్చో. ఏమైందో నాకు చెప్పు."